లిఫ్టు - ఎత్తిపోతల

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో అక్షరము నేర్వని రైతు నోటను వినవచ్చు ఇంగ్లీషు మాట 'లిఫ్టు'. పట్టణవాసికి లిఫ్టనగా మనుష్యులను మేడపైకి చేర్చు యంత్రము. దానినే అమెరికావారు ఎలివేటరందురు. దారిన పోవువానిని బండిపై ఎక్కించుకొనుటయు లిఫ్టే. పాలమూరు రైతునకు మాత్రము లిఫ్టనగానే కాలువ నీరు తలపునకు వచ్చును.

ఈ మాట ఇంగ్లీషువారికిని అరువు సొమ్మే. ప్రాచీన స్కాండినేవియా భాషనుండి వారు దానిని గైకొనిరి. గాలి, ఆకాశము అను అర్థముగల పదము దానికి మూలము. పైకి లేపుటయే లిఫ్టు.

ఈ సీమలో కృష్ణానది పల్లమున పారును. పొలములు మెట్టన నున్నవి. పూర్వులు ఏతముతోను, మోటతోను బావినీరు తోడి సేద్యము చేసిరి. అది చాలక ఎందరో వలసపోయి, పరాయి సీమలలో ఆనకట్టలు కట్టు కూలీలైరి. నేడు నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకములు నదీజలమును పంపులతో పైకి తెచ్చుచున్నవి. కల్వకుర్తి పథకము శ్రీశైల జలాశయపు నీటిని ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టులకడ మూడంచెలుగా ఎత్తుచున్నది.

ఇట్టి పథకమునకు తెలుగున 'ఎత్తిపోతల' యని పేరు. ఇందు రెండు పనులు కలవు: ఎత్తుట, పోయుట. ఇంగ్లీషు మాట మొదటిదానిని మాత్రమే చెప్పును. ఎత్తుట యంత్రముల వంతు. పోయుట కాలువలవంతు, వానిని కాపాడు మనుష్యులవంతు. 2020 అక్టోబరులో ఎల్లూరు పంపుగృహము నీట మునిగినపుడు ఆ వార్త రాష్ట్రమంతట వినబడెను. కాని పిల్లకాలువ పూడినను, ఎగువవాడు అక్రమముగా నీరు మళ్ళించినను, ఆ సంగతి చివరి మడి రైతునకే తెలియును. అచ్చట లిఫ్టు జరిగినది గాని, ఎత్తిపోతల జరుగలేదు.

లిఫ్టనుట సులభము, పరభాషాపదములు చేరుట సహజమని కొందరందురు. నిజమే. రైలు, బస్సు మన మాటలే యైనవి. కాని అవి వచ్చునాటికి మనకు ఆ వస్తువులే లేవు. ఇచ్చట నిండైన మాట యుండగా సగము మాటతో తృప్తి పొందుట తగదు. విద్యార్థులు లిఫ్టు అను పదము నేర్వవలసినదే, ఎత్తిపోతలను మరువరాదు. పథకమును కొలువవలసినది పంపుల బలముతో కాదు, చివరి మడి తడితో. ఆ కొలత తెలుగు మాటలోనే యున్నది.