సన్నాహపు పోటీలో శతకములు

సన్నాహపు పోటీలో మనవారు శతకములు కొట్టిరని వినినంతనే, రాబోవు టెస్టులన్నియు గెలిచినట్లే పొంగిపోవుట మనకు పరిపాటియైనది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లున్నది.

2020 డిసెంబరులో సిడ్నీనగరమున భారతజట్టు ఆస్ట్రేలియా 'ఏ' జట్టుతో గులాబిరంగు బంతితో మూడు దినములాడెను. రెండవ ఇన్నింగ్సులో మన కాకినాడలో జన్మించిన హనుమ విహారియు, రిషభ్ పంతును అజేయశతకములు సాధించిరి. దేశము సంతసించినది. కాని మొదటి ఇన్నింగ్సులో 123 పరుగులకే తొమ్మిది వికెట్లు కూలుటయు, బౌలరగు బుమ్రా 55 పరుగులు చేసి జట్టును 194కు చేర్చుటయు హెచ్చరికగా గ్రహించినవారు అరుదు. వారము తిరుగకముందే అడిలైడు టెస్టులో అదే రంగు బంతికి మనవారు 36 పరుగులకే కుప్పకూలిరి. టెస్టులలో మనకు అంతకంటె తక్కువ లెక్క లేదు.

అట్లని సన్నాహపు పోటీలు వ్యర్థములు కావు. అవి వైద్యుని నాడీపరీక్ష వంటివి; రోగిని మెచ్చుటకు గాక, రోగమును కనిపెట్టుటకు ఏర్పడినవి. 2021 జనవరిలో ఆ సిడ్నీలోనే విహారి, తొడకండరము బాధించుచుండగా, 161 బంతులెదుర్కొని 23 పరుగులతో నిలిచి, అశ్వినుతో గూడి టెస్టులో ఓటమిని తప్పించెను. నాటి శతకముకంటె ఈ ఇరువదిమూడు పరుగులే జట్టునకు అక్కరకు వచ్చినవి.

కావున సన్నాహపు పోటీ ముగిసినపుడు ఆటగాండ్రు తాము చేసిన పరుగులను గాక, పోగొట్టుకొనిన వికెట్లను లెక్కించుకొందురు గాక! మనమును చప్పట్లను టెస్టు ముగియువరకు దాచియుంచుట మేలు.