విరుపు తప్పిన చదువు

'మావిడాకులు' అను మాటను 'మావిడి ఆకులు' అని విడదీసినచో గుమ్మమునకు తోరణమగును. 'మా విడాకులు' అని విడదీసినచో సంసారమే కూలును. అక్షర మొక్కటియు మారలేదు. మారినది విరుపు మాత్రమే. ఈ మాటతో తరగతిలో ఎందరినో నవ్వించితిని. మన దేహములోను ఇట్టి పదచ్ఛేదమే జరుగుచున్నదని చదివిన నాడు మాత్రము నాకు నవ్వు రాలేదు.

జన్యువులోని లిపికి మొదట ఆర్‌ఎన్‌ఏ అను నకలు తయారగును. అందు అక్కరలేని భాగములను కత్తిరించి, మిగిలినవానిని అతికించిన పిదపనే ప్రోటీను పుట్టును. ఈ కూర్పునకు స్ప్లైసింగు అని పేరు. దీనిని 1977లో కనుగొన్నందులకు ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ అను వారికి 1993లో నోబెల్ బహుమానము లభించినది. కోత మారినచో ఒకే జన్యువు నుండి వేర్వేరు ప్రోటీనులు పుట్టును. కాన 'ఒక జన్యువు, ఒక ప్రోటీను' అను పాతసూత్రముతో పాఠము ముగించుట తగదు.

మరి కోత తప్పినచో? ప్రొజీరియా అను అరుదైన వ్యాధి సోకిన బిడ్డలకు పసితనముననే జుట్టు రాలి, రక్తనాళములు గట్టిపడును. చికిత్స లేనిచో సగటున పదునాలుగేండ్లకే గుండెపోటు వంటివానితో మరణింతురు. కారణము 2003లో తెలిసినది. లామిన్-ఎ జన్యువులో ఒక్క అక్షరము మారినది. అయినను అచట రావలసిన గ్లైసీనే వచ్చును, అర్థము చెడలేదు. చెడినది విరుపు. తప్పుచోట కోత పడి ఆర్‌ఎన్‌ఏలో 150 అక్షరములు, ప్రోటీనులో 50 అమైనో ఆమ్లములు లోపించును. ఆ వికల ప్రోటీను కణకేంద్రకపు గోడ నంటుకొని దాని రూపమును చెరచును.

ఈ తప్పుకోతయే ఆరోగ్యవంతులైన వృద్ధుల కణములలోను స్వల్పముగా జరుగుచున్నదని 2006లో స్కాఫిడి, మిస్టెలి అను శాస్త్రజ్ఞులు చూపిరి. బండిచక్రము వలె దేహము అరిగిపోవుటయే ముసలితన మనుట సగము సత్యమే. చదువు తప్పుటయు నందొక భాగము.

ఇంతమాత్రమున యౌవనము నమ్మువారి మాటలు నమ్మరాదు. 2020లో అమెరికాలో అనుమతి పొందిన లోనాఫర్నిబ్ ఆ బిడ్డల ఆయువును కొంత పొడిగించునే గాని కోతను సరిదిద్దదు. కోతను దిద్ది ఆయువు పెంచుట ఎలుకలలో మాత్రము సాధ్యమైనది.

"సంధులు, విరుపులు మాకెందుకండీ?" అని విద్యార్థు లడుగుచుందురు. ఇకపై విజ్ఞానశాస్త్రపు మాస్టరుగారిని నా తరగతికి పిలిచి, ఆ ప్రశ్నకు మే మిరువురము కలిసి జవాబు చెప్పదలచితిని. తక్కిన ఉపాధ్యాయులును ఇట్లు చేసి చూతురు గాక.