క్రిస్మస్ పాటకు పలక పనికిరాదా?

డిసెంబరు నెల వచ్చిందంటే మా హాస్టలులో రాత్రి స్టడీ అవరు అయిపోయాక పాటల అవరు మొదలయ్యేది. ట్రంకు పెట్టె డోలు అయ్యేది, అన్నం పళ్లెం తాళం అయ్యేది. చాపాడు, దువ్వూరు, ఖాజీపేట, బ్రహ్మంగారి మఠం వైపు పల్లెల నుంచి వచ్చిన మేము ఎవరి ఊరి పాట వాళ్లు తెచ్చుకునేవాళ్లం. ఒకే కీర్తనకు ప్రొద్దుటూరు వాళ్ల వరస ఒకటి, జమ్మలమడుగు వాళ్లది ఒకటి, పులివెందుల వాళ్లది ఇంకొకటి. ఏది అసలైన వరస అని వాదులాడుకుని, చివరికి మూడూ పాడేవాళ్లం. చర్చికి పోయేవాళ్లూ పోనివాళ్లూ అందరమూ గొంతు కలిపేవాళ్లం.

ఒక ఏడాది బయట ఒక సభలో పాడమని మమ్మల్ని పిలిచారు. పలకను కాచి, సిద్ధం చేసుకుని వెళ్లాం. "పాట పాడండి గానీ ఆ పలక పక్కన పెట్టండి. అది చావుకు కొట్టేది, క్రిస్మస్ పాటకు ఏం బాగుంటుంది?" అన్నారు నిర్వాహకుల్లో ఒకరు. పక్కన పెట్టాం. కీబోర్డు మీద ఒక ఇంగ్లీషు పాట పాడాం. చప్పట్లు బాగానే కొట్టారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాలో ఎవరమూ మాట్లాడుకోలేదు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఈ సంచికలో చెప్పాలనుకుంటున్నాం.

క్రిస్మస్ క్యారల్ అంటే తెల్లబట్టలు వేసుకుని, నాలుగు స్థాయిల్లో నిలబడి, పుస్తకం చూసి పాడేదే అని చాలామంది అనుకుంటారు. అదీ గొప్ప పద్ధతే. కానీ క్యారల్ మొదట పుట్టింది అలా కాదు. పూర్వం ఐరోపాలో జనం చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడిన ఆటపాట అది. ముందు నిలబడినవాడు చరణం అందుకుంటే మిగిలినవాళ్లంతా పల్లవి పలికేవాళ్లు. మన చెక్కభజన, కోలాటం, బుర్రకథ వంతలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పాలా? పల్లెలో పెద్దాయన చరణం ఎత్తుకోగానే వెనక నలభైమంది వంత పాడుతూ కాలు కదుపుతారే, క్యారల్ తొలి రూపానికి అది చాలా దగ్గర.

ప్రపంచమంతా పాడుకునే 'సైలెంట్ నైట్' సంగతి చూడండి. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్ అనే ఊరిలో దాన్ని మొదటిసారి పాడారు. మాటలు రాసిన జోసెఫ్ మోర్ పేద ఇంట్లో పుట్టి చదువుకున్న పాదిరి. వరస కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ బడిపంతులు. ఆ రాత్రి వాళ్లకు ఉన్న వాద్యం ఒక గిటారు. ఇద్దరూ పాడితే బృందం వంత పలికింది. చేతికి అందిన వాద్యంతో పాడిన పాట ఈనాడు వందల భాషల్లో ఉంది.

మన తెలుగు క్రైస్తవ కీర్తన కూడా ఈ నేల వరసల్లోనే పెరిగింది. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే కీర్తన పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారు పల్లవి, చరణాల పద్ధతిలోనే రాశారు. తాళ్లపాక అన్నమయ్య పాటలకూ ఆ పల్లవి, చరణాల పద్ధతే కదా. 19వ శతాబ్దంలో లండన్ మిషనరీ సొసైటీ వారు కడప, జమ్మలమడుగు ప్రాంతాలకు వచ్చినప్పుడు వాళ్లతోపాటు ఇంగ్లీషు వరసలూ వచ్చాయి. వాటినీ మనవాళ్లు నేర్చుకున్నారు. చదువు రాని అవ్వలు సైతం పదుల కీర్తనలు నోటికి పట్టి, పెట్రోమాక్స్ వెలుగులో ఇంటింటికీ తిరిగి పాడారు. వాళ్ల వెంట నడిచింది పలకే.

ఆ పలక చావుకు కొట్టేదే, నిజం. జాతరకు కొట్టేదీ అదే, పెండ్లికి కొట్టేదీ అదే, పీర్ల పండుగకు కొట్టేదీ అదే. ఊరందరి పండుగకూ మన తాతల పలక కావాలి, తాతలకు చోటు మాత్రం ఊరి చివర. ఆ రోజు వద్దన్నది తోలునా, దాన్ని కొట్టే చేతులనా అని మాకు ఇప్పటికీ అనుమానమే.

ఇక్కడ అమెరికాలోని ఫిస్క్ పాఠశాల విద్యార్థుల కథ చెప్పాలి. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారి కోసం నాష్‌విల్‌లో పెట్టిన విద్యాసంస్థ అది. డబ్బుల్లేక మూతపడే స్థితి వస్తే, 1871లో తొమ్మిదిమంది విద్యార్థులు ఊరూరా పాడి విరాళాలు తేవడానికి బయలుదేరారు. మొదట్లో తెల్లవాళ్లు మెచ్చే పాటలే పాడారు. తమ తల్లిదండ్రులు బానిసలుగా ఉన్నప్పుడు పాడుకున్న పాటలను నలుగురిలో పాడటానికి సంకోచించారు. పాడిన తర్వాత జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ పాటల డబ్బుతో కట్టిన జూబిలీ హాలు 1876లో పూర్తయింది, నేటికీ నిలిచి ఉంది. 'గో టెల్ ఇట్ ఆన్ ద మౌంటెన్' అనే క్రిస్మస్ పాట ఆ జనం నోటి నుంచి వచ్చిందే. దాన్ని లోకానికి చేర్చినవారిలో ఫిస్క్‌కు చెందిన జాన్ వెస్లీ వర్క్ ముఖ్యుడు. సిగ్గుపడిన పాటే వాళ్ల బడిని నిలబెట్టింది.

తమ్ముళ్లారా, ఇంగ్లీషు క్యారల్స్ వద్దని మేము అనడం లేదు. నేర్చుకోండి. నాలుగు స్థాయిల్లో పాడటం నేర్చుకుంటే పక్కవాడి గొంతు వినడం అలవాటవుతుంది. మా బాధ వేరు. ఇప్పుడు సెల్‌ఫోనులో ట్రాకు పెట్టి, దాని మీద ఒకరు పాడితే మిగిలినవాళ్లం నిలబడి చూస్తున్నాం. వంత పోయింది. వంత పోతే గొంతు బాగాలేనివాడికి పాటలో చోటు పోయినట్టే.

అందుకే మాది ఒక్క మనవి. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వ దగ్గర కూర్చుని ఒక్క కీర్తన రాసుకోండి. ఏ ఊరి వరసో, ఎవరి దగ్గర నేర్చుకుందో కింద రాయండి. పూర్వ విద్యార్థులం మేమూ మా ఊళ్లలో అదే పని చేస్తాం. వచ్చే వార్షికోత్సవంలో అవన్నీ పాడుదాం. ఆ రోజు పలకను ముందు వరసలో పెడదాం. కాచే పని మాది.