విమానంలో మొహమాటం పనికిరాదు

యూరప్ చూసి రావాలన్న కోరిక ఇప్పుడు మన ఇళ్ళలో పెద్ద వింతేమీ కాదు. అబ్బాయో అమ్మాయో జర్మనీలో చదువుతున్నారని కొందరు, పాతికేళ్ళ పెళ్ళిరోజని కొందరు, పదిమందితో కలిసి టూరు బస్సులో తిరిగి వద్దామని మరికొందరు ప్రయాణం కడుతున్నారు. వెళ్ళేముందు మన కబుర్లన్నీ ఈఫిల్ టవరు గురించి, రోము గురించి, స్విట్జర్లాండు మంచుకొండల గురించి. బాగానే ఉంది. కానీ వాటికంటే ముందు దాటాల్సింది ఒకటుంది. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్టుకి నేరుగా వెళ్ళినా తొమ్మిది, పది గంటలు విమానంలో కూర్చోవాలి. దుబాయిలోనో దోహాలోనో మారితే మొదట నాలుగు గంటలు, తర్వాత మరో ఆరేడు గంటలు.

"అందులో ఏముందండీ, కూర్చుంటే వాళ్ళే తీసుకుపోతారు కదా!" అంటారా? అసలు చిక్కు ఆ కూర్చోవడంలోనే ఉంది మరి.

కదలకుండా గంటల తరబడి కూర్చుంటే పిక్కల లోపలి సిరల్లో రక్తం నెమ్మదిస్తుంది. ఒక్కోసారి అక్కడే గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరిందంటే ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. నాలుగు గంటలకు పైబడిన ప్రయాణాల్లో ఈ ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని అందులో తేలింది. కంగారు పడకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో సుమారు 6000 మందికి ఒకరికే ఇలా జరుగుతుందని కూడా ఆ నివేదికే చెప్పింది. అయితే ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలో కూడా చెప్పింది. లావుగా ఉన్నవాళ్ళు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళు, రక్తం త్వరగా గడ్డకట్టే లక్షణం పుట్టుకతో ఉన్నవాళ్ళు, మరీ పొడుగైనవాళ్ళు. వీళ్ళతో బాటు 160 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్నవాళ్ళు!

160 సెంటీమీటర్లంటే అయిదు అడుగుల మూడు అంగుళాలు. మన ఆడవాళ్ళలో చాలామంది ఆ లోపే కదా. పాదాలు నేలకు పూర్తిగా ఆనవు, సీటు అంచు తొడల కింద నొక్కుతూ ఉంటుంది. దీనికి ఉపాయం సులభమే. ముందు సీటు కింద పెట్టుకునే చిన్న సంచిని, విమానం పైకి లేచాక కాస్త ఇవతలికి లాక్కుని, దానిమీద పాదాలు ఆనించండి. దిగేముందు మళ్ళీ లోపలికి నెట్టేయండి.

ఇక మన మొహమాటం సంగతి. కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడతాం. అటు పక్కన ఇద్దరు నిద్రపోతుంటారు. వాళ్ళని లేపి బాత్‌రూముకి వెళ్ళడానికి బిడియం. లేవకుండా ఉండాలంటే ఏం చేస్తాం? నీళ్ళు తాగడం మానేస్తాం! విమానం లోపలి గాలిలో తేమ బాగా తక్కువ, మామూలుగా 20 శాతం కూడా ఉండదు. పెదాలు, కళ్ళు, ముక్కు ఆరిపోతుంటాయి. అలాంటి చోట నీళ్ళు మాని, కదలకుండా, మూత్రం ఆపుకుని తొమ్మిది గంటలు కూర్చోవడం ఎంత హింసో మీరే చెప్పండి. పైగా ఆడవాళ్ళకు మూత్రంలో ఇన్‌ఫెక్షను తేలిగ్గా వస్తుంది. ఊరుగాని ఊళ్ళో ఆ మంట, జ్వరం ఎందుకు కొనితెచ్చుకోవాలి?

అందుకే సీటు ఎంచుకునేటప్పుడే నడవ పక్కది అడగండి. కిటికీలోంచి చూడాలని పిల్లలకుంటుంది, వాళ్ళకివ్వండి. గంటకో, గంటన్నరకో ఒకసారి లేచి అటూ ఇటూ నడవండి. కూర్చున్నప్పుడు కుట్టుమిషను తొక్కినట్టు మడమలు పైకి, వేళ్ళు పైకి, ఇలా ఇరవైసార్లు ఆడించండి. పిక్క కండరం బిగిసి సడలినప్పుడల్లా రక్తాన్ని పైకి తోస్తుంది. బట్టలు వదులుగా ఉండాలి. చీరే అలవాటైతే లంగా బొందు బిగించి కట్టకండి. పాదాలు కొంచెం వాచడం మామూలే కనుక మెట్టెలు బిగుతుగా ఉంటే బయలుదేరే ముందే వదులు చేయించుకోండి. కాళ్ళకు వేసుకునే బిగుతు మేజోళ్ళు మందుల షాపుల్లో దొరుకుతాయి. ఉబ్బు సిరలున్నవాళ్ళు, ఇదివరకు గడ్డ కట్టినవాళ్ళు, ఈమధ్యే ఆపరేషను అయినవాళ్ళు ఏ సైజు, ఎంత బిగుతు అన్నది డాక్టరునే అడగాలి. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ వేసుకోవద్దు. నిద్రమాత్ర అసలే వద్దు, ఒకే భంగిమలో కదలకుండా పడి ఉంటారు.

ఇంకో మాట. ఇది వంటింట్లో గుసగుసగా చెప్పుకునేదే గానీ నలుగురికీ తెలియాలి. ప్రయాణం తేదీ, నెలసరి తేదీ ఒకేసారి వస్తాయనుకోండి. పక్కింటావిడ చెప్పిందనో, పోయినసారి తిరుపతికి వాడామనో మందుల షాపులో వాయిదా మాత్రలు కొనేసుకుంటాం. సాధారణంగా ఇచ్చేది నోరెథిస్టిరోన్. నెలసరి ఆపడానికి వాడే మోతాదులో ఆ మందు కొంత భాగం మన ఒంట్లో, గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్‌గానే మారుతుంది. అంటే రక్తం గడ్డకట్టే స్వభావం కాస్త పెరుగుతుంది. దానికి పది గంటల కూర్చోవడం తోడైతే? అందరికీ ప్రమాదమని కాదు. ఇంట్లో ఎవరికైనా కాళ్ళలో గడ్డ కట్టిందా, మీ బరువెంత, తలనొప్పి పార్శ్వపుదా, సిగరెట్టు అలవాటుందా అని అడిగి ఇవ్వాల్సిన మందు అది. టిక్కెట్టు కొన్న వారంలోనే లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మీకు సరిపడే మరో మార్గం ఆవిడ చెప్పగలరు. ఏ మార్గమూ వద్దనుకుంటే నాలుగు ప్యాడ్లు చేతిసంచిలో పెట్టుకుని హాయిగా వెళ్ళండి. పండక్కి పుట్టింటికి వెళ్ళడం లేదా మనం?

ఆ చేతిసంచిలోనే మీ మందులన్నీ ఉండాలి. బి.పి., థైరాయిడు, షుగరు మందులు పెద్ద పెట్టెలో వేసి, ఆ పెట్టె వేరే ఊరు వెళ్ళిపోతే ఏం చేస్తారు? ఇన్సులిన్ అయితే పెట్టెలో ససేమిరా వేయకూడదు, సామాను అరలో చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. డాక్టరు చీటీ, అందులో మందు అసలు పేరు తప్పక ఉంచుకోండి. జర్మనీ, ఫ్రాన్సు, ఇటలీల్లో గడియారం మనకంటే ఎండాకాలం మూడున్నర గంటలు, చలికాలం నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. మాత్ర వేళలు ఎలా సర్దుకోవాలో ఇక్కడే అడిగి రాయించుకోండి.

పాస్‌పోర్టు కూడా మీది మీ దగ్గరే ఉండాలి, శ్రీవారి సంచిలో కాదు. యూరప్‌లో 29 దేశాలకు కలిపి ఉన్న షెన్‌గెన్ సరిహద్దులో 2025 అక్టోబరు 12న కొత్త పద్ధతి మొదలైంది. మనలాంటి బయటి దేశాలవాళ్ళ ముఖం ఫొటో, వేలిముద్రలు కంప్యూటరులో చూసి రాకపోకలు నమోదు చేస్తారు. ఎవరికి వారే నిలబడి జవాబు చెప్పాలి. ఎన్నిరోజులు, ఎక్కడ బస, తిరుగు టిక్కెట్టు ఏదీ అని అడిగితే మనమే చెప్పగలగాలి. ఫ్రాంక్‌ఫర్టులో మారి రోముకి వెళ్ళేటట్టయితే ఈ తనిఖీ ఫ్రాంక్‌ఫర్టులోనే అయిపోతుంది. కాబట్టి రెండో విమానానికి తగినంత వ్యవధి ఉందా అని టిక్కెట్టు కొనేటప్పుడే చూసుకోండి.

ఇప్పుడు తిండి సంగతి. ఆకాశంలో భోజనం చప్పగా ఉంటుందని అందరూ అంటారు. వంటవాళ్ళ తప్పే కాదు. 2010లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ విమానంలాంటి గదిలో పరీక్షించి చూస్తే, తక్కువ ఒత్తిడిలో ఉప్పు, తీపి సరిగా తెలియవని తేలింది. టమాటా రుచి మాత్రం బాగానే తెలుస్తుందట! శాకాహారులు టిక్కెట్టు తీసుకున్నప్పుడే, ఆలస్యమైతే కనీసం ఒకరోజు ముందు, ఏషియన్ వెజిటేరియన్ భోజనం అని చెప్పుకోవాలి. హిందూ భోజనం అని చెబితే శాకాహారమే వస్తుందనుకోకండి, అందులో కోడో మేకో ఉండవచ్చు.

పైకి వెళ్ళేకొద్దీ గాలి వ్యాకోచిస్తుంది, కడుపులోది కూడా. అందుకని బయలుదేరే పూట శనగలు, రాజ్మా, క్యాబేజీ, గ్యాసు డ్రింకులు మానండి. చిన్న ఇడ్లీలకు కారప్పొడి, నువ్వులనూనె పట్టించి డబ్బాలో పెట్టుకుంటే మొదటి నాలుగైదు గంటల్లో తినేయవచ్చు. నెయ్యి ఎందుకు వద్దన్నానంటే, మాంసంతోను పాలతోను చేసినవేవీ బయటినుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి తీసుకురానివ్వరు. నేతి సీసా, పాలకోవా, చికెన్ పచ్చడి, మిగిలిన పెరుగన్నం అన్నీ అందులోకే వస్తాయి. మామిడిపళ్ళకు, పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధృవపత్రం లేకపోతే అవీ అంతే. ఎండుకొబ్బరి తనంతట తానే వేడెక్కి అంటుకోగల సరుకుల్లో లెక్క, దాన్ని పెట్టెలో పెట్టనే వద్దు. ఆవకాయ, గోంగూర చేతిసంచిలో పట్టుకెళితే ద్రవాల కింద లెక్కగట్టి తీసేస్తారు. గట్టిగా మూతబిగించి పెద్ద పెట్టెలో వేయండి.

దిగిన రోజు పెద్ద కార్యక్రమాలు పెట్టుకోకండి. మనం పడమటికి వెళ్తాం కాబట్టి రోజు సాగుతుంది, సాయంత్రమయ్యేసరికి కళ్ళు మూతలు పడతాయి. పగలు వెలుతురులో నడవండి. జూన్ నెలలో ఫ్రాంక్‌ఫర్టులో రాత్రి తొమ్మిదిన్నర వరకు వెలుగుంటుంది. అక్కడి రాత్రికే పడుకుంటే రెండుమూడు రోజుల్లో సర్దుకుంటుంది.

దిగాక రెండు పాదాలూ సమానంగా వాచి, ఒకటి రెండు రోజుల్లో తగ్గితే భయం లేదు. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పి పెట్టి, వేడిగా, ఎర్రగా ఉంటే అదేరోజు డాక్టరుకు చూపించాలి. ఆయాసం, గుండెలో పోటు, దగ్గులో రక్తం కనిపిస్తే క్షణం ఆగవద్దు. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటా ఫోను నంబరు 112, డబ్బు అక్కర్లేదు. ఇవి దిగిన రోజే రావాలని లేదు, వారం రెండు వారాల తర్వాత కూడా కనిపించవచ్చు. "టూరు పాడవుతుంది, వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం" అని దాచుకోకండి. షెన్‌గెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకుంటాం. ఆ కాగితం నకలు కూడా మీ సంచిలో పెట్టుకోండి.

ప్రయాణానికి ముందు ఇంటిల్లిపాదికీ సర్దిపెట్టేది మీరే. వాళ్ళ మందులు, వాళ్ళ స్వెట్టర్లు, వాళ్ళకిష్టమైన పొడులు గుర్తుపెట్టుకునేదీ మీరే. ఈసారి మీ మాత్రలు, మీ మేజోళ్ళు, మీ నీళ్ళసీసా ముందుగా సర్దుకోండి. సీసా ఖాళీగా తీసుకెళ్ళి, తనిఖీ దాటాక నింపుకోండి. విమానంలో పక్కవాళ్ళని "కాస్త దారివ్వండి" అని నవ్వుతూ అడగండి. ఒకసారి అడిగితే రెండోసారి తేలికవుతుంది. తిరిగివచ్చేటప్పుడూ ఇవే గంటలు, ఇదే సీటు. అప్పుడూ లేవడం మరిచిపోకండేం!