పడవ ఇక్కడ... మనిషి అక్కడ!

మెరీనా అంటే మనకు చెన్నై బీచే గుర్తొస్తుంది. బఠాణీలు, మిరపకాయ బజ్జీలు, సాయంత్రం గాలి. అసలు అర్థం మాత్రం అది కాదు. షికారుకి సొంత పడవ కొనుక్కున్నవాళ్లు దాన్ని కట్టేసుకునే రేవుని మెరీనా అంటారు. మనం అపార్టుమెంటు కింద కారుకి చోటు తీసుకున్నట్టే వాళ్లు పడవకి చోటు అద్దెకి తీసుకుంటారు. కరెంటు, మంచినీళ్లు, డీజిలు అన్నీ గట్టు మీదే దొరుకుతాయి. మన దేశంలో కొచ్చిలోని బోల్గాట్టి దగ్గర అలాంటిది ఒకటుంది.

చలి దేశాల్లో ఈ పడవలవాళ్లకి శీతకాలం పెద్ద గండం. నీళ్లు గడ్డకడితే వ్యాకోచిస్తాయని మనమంతా బళ్లో చదువుకున్నదే. ఇంజనుని చల్లబరిచే నీళ్లు లోపలే గడ్డకడితే ఇనుప దిమ్మ కూడా పగిలిపోతుంది. అందుకని అక్టోబరు నాటికే పడవల్ని క్రేన్లతో పైకెత్తి ఒడ్డున పెడతారు. గొట్టాల్లో నీళ్లు తోడేసి, గడ్డకట్టని ద్రావణం పోస్తారు. పైన ప్లాస్టిక్ దుప్పటి బిగించి కడతారు. ఇక ఏప్రిల్ దాకా పనేముంటుంది? కబుర్లే. మా రేవు గొప్పంటే మా రేవు గొప్ప. ఎక్కడ అల తగలదు, ఎక్కడ ఇరుగుపొరుగు మంచివాళ్లు, ఎక్కడ వేడివేడి సూపు దొరుకుతుంది... ఇవే ముచ్చట్లు. డబ్బూ తీరికా ఉన్నవాళ్లు పడవతో సహా ఫ్లోరిడా దిక్కున వెచ్చటి నీళ్లలోకి పోతారు.

ఇంతకీ ఈ వారం ఈ గొడవంతా ఎందుకంటారా? చలికాలంలో రేవుల కబుర్లు చెప్పుకునేవాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ ఉన్నారు. కాకపోతే కథ తలకిందులు. అక్కడ పడవ నిద్రపోతే మనిషి ఇంట్లో ఉంటాడు. ఇక్కడ పడవ ఇంటి ముందు ఇసుకలో ఉంటుంది, మనిషి ఉండడు. దగ్గరదగ్గర రెండు వేల కిలోమీటర్ల అవతల, గుజరాత్‌లోని వెరావల్‌లో, ఇంకొకరి బోటు మీద ఉంటాడు.

ఆగస్టు వచ్చిందంటే మన తీరం పేటల్లో సంచులు సర్దుకోవడం మొదలవుతుంది. గుజరాత్ సముద్రంలో వేట నిషేధం ముగిసేది అప్పుడే. ఒకప్పుడు జులై ఆఖరుకే అయిపోయేది, ఇప్పుడు ఆగస్టు 15 దాకా పొడిగించారు. బోటు యజమాని దగ్గర ముందే కొంత అడ్వాన్సు తీసుకుని ఉంటారు. అది ఇంటి అప్పుకో, ఆడపిల్ల పెళ్లికో, పైకప్పుకో అయిపోయే ఉంటుంది. ఆ బాకీ తీరేదాకా సముద్రంలో ఉండాల్సిందే. మళ్లీ ఇంటి ముఖం చూసేది ఏప్రిల్, మే నెలల్లోనే. మధ్యలో దసరా పోతుంది, దీపావళి పోతుంది, సంక్రాంతి కూడా పోతుంది.

వెరావల్ అంటే సోమనాథ్ ఆలయం పక్కనుండే రేవు. దేశంలోని పెద్ద చేపల రేవుల్లో ఒకటి. వందల బోట్లు ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ నిలబడి ఉంటాయి. ఒక్కో బోటులో ఏడెనిమిది మంది. వాళ్లకి పెద్ద తండేల్. దారి చూసేది, వల ఎక్కడ వెయ్యాలో చెప్పేది, అందరి ప్రాణాలకీ పూచీ పడేది అతనే. 2025 ఫిబ్రవరిలో ఆ పేరుతో వచ్చిన నాగచైతన్య సినిమా పుణ్యమా అని ఈ మాట ఇప్పుడు హైదరాబాదు పిల్లలకీ తెలుసు. మన పేటల్లో అది ఎప్పటి నుంచో ఉన్న మాటే. ఒకసారి వేటకి పోతే పది పదిహేను రోజులు నీళ్ల మీదే. వంట అక్కడే, పడక అక్కడే. తీరం దాటాక ఫోను మూగబోతుంది. ఇక్కడ ఇంటి ఇల్లాలికి ఆ పదిహేను రోజులూ ఎలా గడుస్తాయో వేరే చెప్పాలా?

సరే, సముద్రం మనకీ ఉంది కదా, అంత దూరం ఎందుకు? నిజమే, ఉంది. మామూలుగా ఉండటం కాదు. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని మనం చదువుకున్న లెక్క. అందులో 193 కిలోమీటర్లు ఒక్క శ్రీకాకుళం జిల్లాదే. అంటే దాదాపు అయిదో వంతు. విజయనగరం జిల్లాకి భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో 28 కిలోమీటర్లుంది. ఇంత తీరంలో లేనిదల్లా పెద్ద బోటు నిలబడే రేవు.

తెలుగులో 'ఒడ్డున పడ్డాడు' అంటే గండం గడిచిందని అర్థం. ఈ మాట పుట్టించినవాడు మన తీరంలో పడవ నడిపి ఉండడు. ఇక్కడ అసలు గండం ఒడ్డు దగ్గరే. నడిసముద్రంలో కెరటం ఉయ్యాలలా ఊపుతుంది. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి అదే కెరటం నిలువుగా లేచి విరుగుతుంది. పడవని ఇసుక మీద నుంచి తోసుకుంటూ పోయి, ఒకదాని వెనక ఒకటి వచ్చే ఆ విరిగే కెరటాలకి ముక్కు ఎదురుపెట్టి, సందు చూసి దాటాలి. పడవ కాస్త అడ్డం తిరిగిందా, బోల్తాయే. తిరిగి వచ్చేటప్పుడు ఇంకా కష్టం. వెనక నుంచి తరుముకొచ్చే అలతోపాటే వచ్చి ఇసుక ఎక్కాలి. ఆ తరవాత పదిమంది భుజం కలిపి, కింద దుంగలు పరిచి, లేదంటే ట్రాక్టరుకి తాడు కట్టి పైకి లాగాలి. ఇలా లాగగలిగినంత పడవే ఇక్కడ బతుకుతుంది. పది రోజులు సముద్రంలో ఉండగల బోటుని ఏ ట్రాక్టరు లాగుతుంది చెప్పండి? అది కొనే స్తోమత ఉన్నవాడు విశాఖ ఫిషింగ్ హార్బరుకి చేరతాడు. అక్కడా అన్నీ సుఖాలే అనుకోకండి. 2023 నవంబరు 19 రాత్రి ఆ హార్బరులో మంటలు రేగితే ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. ఒకే చోట అంత కిక్కిరిసి ఉంటే ఒక నిప్పురవ్వ చాలు.

సముద్రం అడుగు తీరు కూడా మన వాళ్లకి కలిసిరాలేదు. గుజరాత్ దగ్గర లోతు తక్కువగా ఉండే మేర ఒడ్డు నుంచి చాలా దూరం పరుచుకుని ఉంటుంది. చేపలు పెరిగేది ఎక్కువగా ఆ మేరలోనే. మన వైపు అది సన్నటి పట్టీ. కొంచెం దూరం పోగానే అడుగు జారిపోతుంది. ఆ సన్నటి పట్టీలోకే పెద్ద ట్రాలర్లూ వస్తాయి, చిన్న పడవలూ వస్తాయి.

ఇక్కడ క్యాలెండరు చేసే తమాషా ఒకటుంది. మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ ఏర్పాటు, మంచిదే. కాకపోతే గుజరాత్ వెళ్లినవాడు ఇంటికొచ్చేది సరిగ్గా అప్పుడే. ఇల్లు చేరేసరికి ఇంటి సముద్రానికి తాళం. ఆ తాళం తీశాక రెండు నెలలు దొరుకుతాయి, అదీ ముసురు పట్టే ఆషాఢం, శ్రావణం. ఆపైన మళ్లీ రైలు. సొంత ఊరి నీళ్లలో సొంత పడవ మీద అతను గడిపే రోజులు ఏడాదిలో ఎన్నో మీరే లెక్కేసుకోండి.

ఈ ప్రయాణం ఖరీదెంతో 2018లో అందరికీ తెలిసొచ్చింది. ఆ అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటి ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. కొబ్బరి, జీడి తోటలతోపాటు పడవలూ వలలూ పోయాయి. ఇంకా ఆ తడి ఆరకముందే, నవంబరు నెలాఖరులో మరో కబురు. వెరావల్ నుంచి వేటకి వెళ్లిన మనవాళ్లని పాకిస్తాన్ అధికారులు పట్టుకుపోయారని. సముద్రం మీద గీత ఉండదు. సర్ క్రీక్ దగ్గర అసలు ఆ గీత ఎక్కడన్నదే రెండు దేశాల మధ్య తగువు. గాలి కాస్త తోస్తే, చేపల గుంపు వెంట కాస్త ముందుకు పోతే అవతలివాళ్ల నీళ్లు. పట్టుబడిన వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లే. కె.మత్స్యలేశం పేరు దేశమంతా వినిపించింది అప్పుడే. కరాచీ జైల్లో పదమూడు నెలల పైమాట. ఉత్తరాలు ఎప్పుడొస్తాయో తెలీదు, అసలు వస్తాయో రావో తెలీదు. ఇక్కడ ఆడవాళ్లు తట్టలో చేపలు అమ్ముకుంటూనే అర్జీలు పట్టుకుని నాయకుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2020 జనవరి 6న ఇరవై మందిని వాఘా సరిహద్దు దగ్గర మనకి అప్పగించారు. సంక్రాంతి ముందు ఇంటికొచ్చారు. సినిమాలో ప్రేమకథకి చోటెక్కువ దొరికింది కానీ, నాకైతే ఆ అర్జీల కథే పెద్దదనిపిస్తుంది.

అది జరిగి మూడు నెలలైనా కాలేదు, లాక్‌డౌన్. వెరావల్‌లో వేలమంది మనవాళ్లు బోట్ల మీదే ఉండిపోయారు. గట్టు మీద గది ఉన్నవాడెవడు? బోటే ఇల్లు. ఒడ్డు కళ్లెదుటే ఉన్నా దిగే వీల్లేదు. ఏప్రిల్ ఆఖర్లో బస్సులు పెట్టి నాలుగు వేల మందికి పైగా వెనక్కి తీసుకొచ్చారు. మూడు రాత్రులూ పగళ్లూ బస్సులో కూర్చుని వచ్చినవాళ్లు ఇళ్లకి వెళ్లలేదు, నేరుగా క్వారంటైన్‌కి వెళ్లారు.

మరి అంత దూరంలో, రెండు వేటల మధ్య బోటు కట్టేసుకుని కూర్చున్నప్పుడు ఏం మాట్లాడుకుంటారు? అదే, రేవుల కబుర్లే. 'మీదే పేట బావూ?' అన్న ప్రశ్నతో మొదలై చివరికి ఎవరి ఒడ్డు గొప్ప అన్న దగ్గరికి చేరకుండా ఉంటుందా? కళింగపట్నం వాడికి వంశధార మొగ ఉంది, దూరం నుంచి ఇల్లు చూపించే లైట్‌హౌస్ ఉంది. పూర్వం ఓడలొచ్చిన రేవు మాది అని అతిశయం కూడా ఉంటుంది. కళ్లేపల్లి వాడికి నాగావళి, బారువ వాడికి మహేంద్రతనయ, కోనాడ వాడికి చంపావతి. ఏటి మొగలో అల మెత్తగా ఉంటుంది, పడవ లోపలికి తిప్పుకోవచ్చు. కాకపోతే మొగ నమ్మకమైన చుట్టం కాదు. మన తీరం వెంట కెరటాలు ఏడాది పొడవునా ఇసుకని ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. వర్షాకాలంలో ఏరు గట్టిగా ఉంటే దాన్ని చీల్చుకుని సముద్రంలో పడుతుంది. చలికాలానికి ఏరు నీరసిస్తుంది, ఇసుక మేట వేస్తుంది, మొగ పూడుకుపోతుంది, లేదంటే పక్కకి జరుగుతుంది. నిరుడు దాటిన చోట ఈసారి దాటలేం. ఈ ఇసుకతోనే విశాఖ పోర్టు కూడా వేగుతోంది. అక్కడైతే ఏటా తవ్వి తీసే యంత్రాలున్నాయి. మన పేటలకి ఎవరు తవ్విపెడతారు?

చింతపల్లి, ముక్కాం లాంటి చోట్ల ఆ ఏరు కూడా లేదు. ఇసుకే రేవు. భోగాపురంలో విమానాలు దిగడానికి రెండు వేల ఎకరాల పైచిలుకు దొరికింది. పక్కనే పడవ దిగడానికి మాత్రం ఇప్పటికీ విరిగే కెరటమే దిక్కు. విమానాశ్రయం వద్దని కాదు, ఊరికే గుర్తొచ్చింది.

రేవులు కడతామన్న మాట కొత్తది కాదు. రాష్ట్రంలో ఫిషింగ్ హార్బర్లు తలపెట్టినప్పుడు మొదటి విడతలో జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడ వచ్చాయి. మన రెండు జిల్లాల పేరు లేదు. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం హార్బరుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది, మూలపేట పోర్టుతోపాటు. ఆ బుడగట్లపాలెంలోనే 2025 ఏప్రిల్ 26న వేట నిషేధ భృతిని పది వేల నుంచి ఇరవై వేలకు పెంచి పంచారు. పెంచడం బాగుంది. నిషేధం రెండు నెలలు గడవడానికి ఆ డబ్బు పనికొస్తుంది. మిగతా పది నెలలు ఇంటి దగ్గరే గడవాలంటే కావలసింది కెరటాన్ని ఆపే రాతి గోడ, దాని వెనక కాస్త నిలకడ నీళ్లు, ఐసు ఫ్యాక్టరీ, చేపలు పాడవకుండా అమ్ముకునే షెడ్డు. అవి ఉంటే పెద్ద బోటు ఊళ్లోనే ఉంటుంది. బోటు ఉంటే తండేల్ కూడా ఉంటాడు. అది కట్టేటప్పుడు ఇసుక నడకని లెక్కలోకి తీసుకోకపోతే నాలుగేళ్లకి హార్బరు కాస్తా పిల్లలు ఆడుకునే మైదానమైపోతుంది. ఇంజనీర్లకి ఈ సంగతి తెలియదని కాదు, తవ్వకానికి ఏటా డబ్బు ఎవరిస్తారన్నదే తేలాలి.

అన్నట్టు, మనవాళ్లు వెళ్లిపోయే కాలానికే మన దగ్గరికి వచ్చే అతిథులు కొందరున్నారు. టెక్కలి దగ్గర తేలినీలాపురం చింతచెట్ల మీద సెప్టెంబరు నుంచి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. మార్చి దాకా ఉండి పిల్లల్ని చేసుకుని పోతాయి. జనవరి దాటాక బారువ వైపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఈ చలికాలం పిల్లల్ని తీసుకుని చూడ్డానికి వెళ్తే తెల్లవారుజామునే వెళ్లండి. రాత్రి వేటకి పోయిన పడవలు ఒడ్డుకి వచ్చే వేళ అది. నెత్తళ్లు, కవళ్లు, అదృష్టం బాగుంటే వంజరం దొరుకుతుంది. బేరం మరీ గట్టిగా ఆడకండి. తాడు పట్టుకుని పడవ లాగేవాళ్లలో నెరిసిన తలలూ, మీసం రాని కుర్రాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. మధ్య వయసు వాళ్లేరని అడిగి చూడండి, పడమటి దిక్కు చూపిస్తారు.