వెనక స్పీకర్ల మూగనోము

పండక్కి ముచ్చటపడి హోం థియేటర్ కొంటాం. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలన ఓ ఊఫర్, అన్నిటికీ ఇంటిపెద్దలా మధ్యలో రిసీవర్. దుకాణం కుర్రాడు వచ్చి అరగంటలో వైర్లు తగిలించి, ఓ పాట వినిపించి వెళ్లిపోతాడు. ఇల్లు దద్దరిల్లుతుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. నెల తిరిగాక ఏ వాన సీనులోనో అనుమానం మొదలవుతుంది. వాన మన చుట్టూ పడాలి కదా, ఎదురుగానే పడుతోందేమిటి? లేచి వెళ్లి వెనక స్పీకర్‌కి చెవి ఆనిస్తే మూగనోము! లేదంటే ముందు స్పీకర్లలో వచ్చేదే అందులోనూ వస్తుంటుంది.

చాలా ఇళ్లలో తప్పు స్పీకర్లది కాదు. ఐదు చోట్లకి విడివిడిగా వెళ్లాల్సిన శబ్దం రిసీవర్‌కి చేరేసరికే రెండు పాయలైపోయి ఉంటుంది. అది మాత్రం ఏం చేస్తుంది? అందినదాన్నే సర్ది వడ్డిస్తుంది. వేలు పోసి కొన్నది 5.1, వింటున్నది పాత టేప్‌రికార్డర్ లాంటి స్టీరియో.

ఈ సంగతి తేల్చుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. 5.1 సినిమా ఆడుతుండగా రిమోట్‌లో 'ఇన్ఫో' లేదా 'స్టేటస్' మీట నొక్కి, రిసీవర్ ముఖమ్మీద వెలిగే అక్షరాలు చూడండి. 'డాల్బీ డిజిటల్', 'డీటీఎస్' లాంటి పేర్లుంటే నిశ్చింత. 'మల్టీ చానెల్ పీసీఎం' అని ఉన్నా మంచిదే, ప్లేయరే విడదీసి పంపుతోందన్నమాట. ఉత్త 'పీసీఎం' అనో 'స్టీరియో' అనో ఉంటే మాత్రం దారిలో ఎక్కడో తేడా ఉంది. 'ఆల్ చానెల్ స్టీరియో' అనే మోడ్ మరో మాయలమారి. ఒకటే శబ్దాన్ని అన్ని స్పీకర్లకీ పంచి, అదే సరౌండ్ అనిపిస్తుంది. పాత పాటలు, చాలా చానెళ్ల కార్యక్రమాలు వచ్చేదే స్టీరియోలో. వాటిని పెట్టి చూసి బెంగపడకండి.

తేడా ఎక్కువగా వచ్చేది వైర్లు వెళ్లే వరుసలో. సెట్‌టాప్ బాక్స్, డిస్క్ ప్లేయర్, ఆటల పెట్టె అన్నిటినీ టీవీకి గుచ్చి, అక్కడి నుంచి ఒక్క వైరు రిసీవర్‌కి లాగడం మనకి అలవాటు. కొన్ని టీవీలు బయటి పరికరాల 5.1 శబ్దాన్ని ముందుకు పంపవు, స్టీరియోగా కుదించేస్తాయి. అందుకని పరికరాలన్నీ ముందు రిసీవర్‌లోని హెచ్‌డీఎంఐ 'ఇన్' రంధ్రాలకే వెళ్లాలి. 'అవుట్' నుంచి ఒకే ఒక్క కేబుల్ టీవీకి.

ఆ ఒక్క కేబులూ ఎక్కడ గుచ్చారన్నదే అసలు కిటుకు. టీవీ వెనక మూడు నాలుగు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నా, సాధారణంగా ఒక్కదాని పక్కనే 'ఏఆర్‌సీ' లేదా 'ఈఏఆర్‌సీ' అని సన్నటి అక్షరాలుంటాయి. దాంట్లోనే గుచ్చాలి. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన సదుపాయం ఇది. బొమ్మ రిసీవర్ నుంచి టీవీకి వెళ్తుంటే, టీవీలోని యాప్‌ల శబ్దం అదే కేబుల్లో ఎదురు నడిచి రిసీవర్‌కి వస్తుంది. 2017 నాటి 2.1తో వచ్చిన 'ఈఏఆర్‌సీ' అయితే బ్లూరే డిస్కుల్లోని బరువైన శబ్దాన్ని కూడా కుదించకుండా మోసుకొస్తుంది. రెండు పరికరాల మెనూలోనూ 'సీఈసీ'ని ఆన్ చేయండి. శాంసంగ్ దీన్ని 'ఎనీనెట్ ప్లస్' అంటే, ఎల్‌జీ 'సింప్‌లింక్' అంటుంది, సోనీ 'బ్రావియా సింక్' అంటుంది. ఇది కుదిరితే టీవీ రిమోట్‌తోనే రిసీవర్ శబ్దం తగ్గించొచ్చు. మూడు రిమోట్లతో కుస్తీ పట్టలేని అమ్మమ్మకి ఇంతకన్నా ఉపకారం లేదు. చివరగా టీవీలోనూ, సెట్‌టాప్ బాక్స్‌లోనూ డిజిటల్ సౌండ్ 'పీసీఎం' అని ఉంటే 'ఆటో' లేదా 'బిట్‌స్ట్రీమ్'కి మార్చండి. సగం ఇళ్లలో వెనక స్పీకర్లు నోరు విప్పేది ఇక్కడే అని నా అనుమానం.

రిసీవర్ పాతదై, 4కె బొమ్మని దాటించలేక తెర నల్లబడితే ఈ వరుస పనికిరాదు. అప్పుడు ఆ పరికరం టీవీకే వెళ్లాలి, శబ్దం ఏఆర్‌సీ దారిన రావాలి. అసలు హెచ్‌డీఎంఐ లేని రిసీవరైతే ఆప్టికల్ కేబుల్ ఉంది. కాంతి రూపంలో శబ్దాన్ని మోసే ఈ తీగ డాల్బీ డిజిటల్ 5.1 వరకూ బాగానే తెస్తుంది. కొత్త కేబుల్ కొనల మీద చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి, అవి తీసి గుచ్చాలి. నవ్వకండి, తీయకుండా బలవంతంగా తోసేవాళ్లు చాలామందే.

'పాటలు చెవులు పగలగొడుతున్నాయి, మాటలే వినపడటం లేదు' అని ఇంట్లో పెద్దవాళ్లంటే వయసు మీదకి నెట్టేయకండి. సినిమాల్లో సంభాషణలు ప్రధానంగా వచ్చేది నడిమి స్పీకర్‌లోంచి. దాని వైరు వదులైతే వెనక సంగీతం మోగుతూనే ఉంటుంది, హీరో పెదవులు మాత్రం ఊరికే కదులుతాయి. నడిమి స్పీకర్ అసలు లేకపోతే ఆ మాట రిసీవర్ మెనూలో చెప్పాలి. అప్పుడది సంభాషణల్ని ముందున్న రెండింటికీ పంచుతుంది. స్పీకర్ వైర్లు ముట్టుకునే ముందు ప్లగ్గు గోడలోంచి పీకేయండి. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. ముందున్న రెండింట్లో ఒక్కదానికి తారుమారైనా రెండూ ఎదురుబొదురు లాగి ఊపు చచ్చిపోతుంది. విడిపోయిన రాగి పోగు ఒక్కటి పక్క తీగకి తగిలితే రిసీవర్ టక్కున ఆగిపోవచ్చు, ఒక్కోసారి కాలిపోనూవచ్చు.

పెళ్లి క్యాసెట్లు చూసుకోవడానికి వీసీఆర్ దాచుకున్నవాళ్లు పసుపు పిన్నును నేరుగా టీవీకి, ఎరుపు తెలుపుల్ని రిసీవర్‌కి ఇవ్వొచ్చు. తాతగారి రికార్డు ప్లేయర్‌ని మాత్రం దొరికిన రంధ్రంలో పెట్టకండి. దాని శబ్దం మరీ బలహీనం, 'ఫోనో' అని రాసినచోటే పెట్టాలి. ప్లేయర్‌లోనే ప్రీ-యాంప్ ఉంటే మామూలు రంధ్రం చాలు. దాని వెనక వేలాడే సన్నటి మూడో తీగ ఎందుకూ పనికిరాదని కత్తిరించకండి. రిసీవర్ వెనక 'గ్రౌండ్' మరకి బిగిస్తే గుయ్‌మనే హోరు తగ్గిపోతుంది.