ఎవరి పందులు మునిగినయ్?

మన రావల్‌కోల్ చుట్టుపక్కల, మేడ్చల్, శామీర్‌పేట దళితవాడల్లో స్వస్థత కూటాలకు కొదవ లేదు. మైకులు, షామియానాలు, నూనె సీసాలు. "సాతానా, పో!" అని గద్దింపులు. చెల్లెకు ఫిట్స్ వస్తే దయ్యం. తమ్ముడు తాగితే దయ్యం. పిల్ల పరీక్ష తప్పితే దయ్యం. దయ్యాలన్నీ మన వాడలోనే కాపురం పెట్టినయా? దొరల గడీలో, భూముల బ్రోకర్ ఆఫీసులో ఒక్కటన్నా లేదా?

విశ్వాసులను ఎగతాళి చేయడానికి మేం ఇది రాయడం లేదు. మన తాతముత్తాతలు ఏసు పేరు ఎందుకు పట్టుకున్నారో తెలిసే రాస్తున్నాం. ఒంగోలు సీమలో 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారి, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ బాట పట్టినవాళ్లు జాతరకు డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు తినం, ఆదివారం పనికి రాం అన్నారు. పెత్తందార్లు పగబట్టి వేధించారు. అయినా 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. "కొట్టం, తినం, రాం" అన్న ఆ మాటే దయ్యం మీద అధికారం!

మార్కు సువార్త 5వ అధ్యాయం మన పాస్టర్లకు కంఠతా వచ్చు. సమాధుల్లో తిరిగే మనిషికి పట్టిన దయ్యం పేరేంది? సేన. గ్రీకులో ఆ మాట లెగియోను, అంటే వేల మందితో కూడిన రోమా సైనిక దళం. దేశాన్ని అణగదొక్కిన సైన్యం పేరే ఆ దయ్యం పేరు! ఏసు దాన్ని వెళ్లగొడితే సుమారు 2,000 పందులు నీళ్లలో మునిగి చచ్చినయ్. ఊరోళ్లు బాగుపడ్డ మనిషిని చూసి సంబరపడ్డారా? లేదు. మా పొలిమేర దాటి పొమ్మని ఏసునే వేడుకున్నారు. ఒక మనిషి లేచి నిలబడితే ఇంకొకరి ఆస్తి మునుగుతుంది. మాకు అర్థమైన సువార్త ఇదీ.

అందుకే అడుగుతున్నాం. అయ్యా, మీరు ఇన్నేళ్లుగా వెళ్లగొట్టిన దయ్యాలతో ఎవరి పందులు మునిగినయ్? ఏ పెత్తందారుకు రూపాయి నష్టం వచ్చింది?

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను నరికి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ దయ్యం పేరు కులం. మరి మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు అయినచోట ఆ దయ్యాన్ని గద్దించేదెవరు?

ఇంకో దయ్యం కాగితంలో దాక్కుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో 3వ పేరా. హిందువు కాకపోతే ఎస్సీ కాదన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు, క్రైస్తవ దళితులకు తెరవలేదు. ఆ పేరా తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మతం మారినవాళ్లకు అట్రాసిటీ చట్టం రక్షణ లేదన్నది. మేం విన్న కూటాల్లో ఈ పేరాను గద్దించిన నోరు ఒక్కటీ లేదు.

అసలు శత్రువును వదిలి పక్కింట్లో దయ్యాన్ని వెతికితే ఏమైతదో మనకు దూరం పోయి చూడాల్సిన పని లేదు. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట దగ్గరి అద్రాస్‌పల్లిలో బాణామతి చేశాడన్న అనుమానంతో ఒక యువకుణ్ణి, చనిపోయిన మహిళ చితిలోనే వేసి కాల్చారు. నమ్మకం పేరు ఏదైనా, వేలు పేదోడి దిక్కే చూపిస్తే ప్రాణం పోయేదీ పేదోడిదే.

అన్నలారా, అక్కలారా! ప్రార్థన చేసుకోండి, మందుబిళ్లలు మానకండి. ఫిట్స్ మెదడుకు వచ్చే జబ్బు, దానికి ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉంది. ఎవరినీ మంత్రగత్తె అననీయకండి. కూటం పెట్టే ప్రతి పాస్టరునూ నిలదీయండి: 3వ పేరా రద్దు కోరే అర్జీ మీద సంతకం పెడతారా? మన అసైన్డ్ భూమి కోసం తహసీల్దారు ఆఫీసుకు మా వెంట వస్తారా?

వచ్చినవాళ్లకు మన వాడ తలుపు తీసే ఉంటది. రానివాళ్ల చేతిలోది ఉత్త నూనె సీసా.

జై భీమ్!